భీమక్క బండి పొద్దుగాల ఎందుకు ఆగింది

నాకు కోపం జాస్తి. ఏన్కూరు రోడ్డు మీద ఎవర్నడిగినా చెప్తరు, రూప్‌సింగ్ మెకానిక్ కాడికి పోతే బండి బాగైతది గని మనిషి ఖరాబైతడని. ముప్పైరెండేండ్ల సంది పానా పట్టుకుంటున్న. తిట్టకుంట ఒక్క నట్టు ఇప్పింది లేదు. మద్దిగుంపు భీమక్క ఎసొంటి మనిషో మీకు చెప్పాల్నంటే, ముందుగాల నేనెసొంటోన్నో తెల్వాలె, అందుకే గిదంత.

భీమక్కకు యాభై దగ్గర పడ్డయ్. సన్నగ ఉంటది, మాట తక్కువ, చూపు మాత్రం సీదా మన మొకం మీదనే ఉంటది. మద్దిగుంపు కోయోళ్ల ఊరు, అడివి అంచుకు, వాగు దాటినంక వస్తది. ముప్పై ఇండ్లు ఉంటయ్. ఎవుసం చేస్కుంటరు, చలికాలం చీపుర్లు, ఉసిరికాయలు తెస్తరు, ఎండకాలం ఇప్పపువ్వు, చింతపండు ఏరుతరు. పన్నెండేండ్ల పిల్లప్పటి సంది భీమక్క నెత్తిన మూట పెట్టుకొని శుక్రారం అంగడికి నడిచింది. పోను పదకొండు కిలోమీటర్లు.

అంగడి కత ఏందంటే, ఖమ్మం నుంచొచ్చే సేట్లు పొద్దుగాల తొమ్మిదింటికల్లా కొనుడు కానిచ్చి సరుకు లారీకెక్కిస్తరు. ఆ తర్వాత వచ్చినోళ్ల మూట దిక్కు చూసేటోడుండడు. మళ్ల మోస్కపోలేక, ఎంతకడిగితే గంతకు ఇచ్చి రావాలె. చీకట్ల లేచి నడిచినా మద్దిగుంపు ఆడోళ్లు ఎన్నడు తొమ్మిదింటికి అందుకోలే. మెడలు వంగిపోయి మా షెడ్డు ముంగట్నించి పోతుంటే ఎన్నేండ్లు చూసిన్నో. చూసిన, గంతే.

ఆ ఆడోళ్లే సంగం పెట్టుకొని, ఒక కలప కంట్రాక్టర్ షెడ్డుల మూలకు పడున్న పెట్రోలు పికప్పు కొన్నరు. జీపు మూతి, ఎనక తొట్టి, వయసుల నాకంటె పెద్దది. సీటు కింద కోడి గుడ్లు పెట్టుకున్నది. నేను తిట్టుకుంటనే దానికి పాణం పోసిన. భీమక్క పెనిమిటి దూలయ్య మూడేండ్లు నడిపిండు. ఆయన కండ్లు మసకలొచ్చినంక తాళం ఎవరు పట్టాల్నని ఊర్ల పంచాయితి అయింది. డ్రైవింగ్ వచ్చిన మొగోళ్లు ఇద్దరుండె, ఇద్దరు కొత్తగూడెం దిక్కు ఆటోలు నడపపోయిర్రు. భీమక్క నేను నేర్సుకుంట అన్నది. కోసిన వరి మడిల దూలయ్య పక్కన కూసొని నేర్పిండు. "క్లచ్చి గురించి చెప్పెటానికి నాకు నెల పట్టింది సింగన్నా, ఆమెకు నేర్సుకునెటానికి వారం సాలింది" అని ఆయనే నవ్వుకుంట చెప్పిండు. లైసెన్సు రెండోపాలికి వచ్చింది. మొదటిపాలి ఎందుకు ఫెయిలైనవే అంటే, "సారు రివర్సు పొమ్మన్నడు. మా మడిల ఎనక్కి పోవుడు ఎవరు నేర్పలే" అన్నది.

అప్పటిసంది నాలుగేండ్లు ప్రతి శుక్రారం ఎనిమిదిన్నరకు ఆ బండి అంగడిల ఉన్నది. సేట్లు అడిగిన రేటుకు "ఇయ్యం" అని చెప్పుడు మద్దిగుంపు ఆడోళ్లు అప్పుడే నేర్సుకున్నరు.

మొన్న చలికాలం పాత కార్బేటర్ అరిగిపోయింది. కార్బేటరంటే పెట్రోల్ను గాలిల కలిపి ఇంజిన్‌కు తాగిచ్చేది. దాంట్ల జెట్టని ఉంటది, సూది దూరేటంత బొక్క, పెట్రోలంత దాంట్లకెల్లే పోవాలె. హైదరాబాదుల పాత సామాన్ల గల్లీల పది దుకాండ్లు తిరిగి కొత్తది పట్టుకొచ్చిన. ఎక్కిచ్చేముందు, ఎక్స్‌లేటర్ తొక్కితే పెట్రోలు చిమ్మే దాని పంపుకుండే తోలు వాచర్, మూత కింద ఏసే బెండు గ్యాస్‌కెట్ రెండు రాత్రంత నూనెల నానబెట్టిన. తోలు ఎండితే పని చెయ్యదు, మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. మధ్యాన్నం స్టార్ట్ చేస్తే బండి పిల్లి లెక్క గుర్రుమన్నది. "పదేండ్లు నా మొకం చూడకు" అన్న భీమక్కతోని.

శుక్రారం పొద్దుగాల బండి వాగు కాడ ఆగిపోయింది. స్టార్ట్ అయితది, ఎక్స్‌లేటర్ తొక్కంగనె దగ్గి సచ్చిపోతది. తొట్టిల పద్నాలుగు మంది ఆడోళ్లు, నలభై కట్టల చీపుర్లు. ఎండ పడ్డంక దానంతటదే బాగై నడిచింది. అంగడికి పోయేటాలకు పదిన్నర, లారీలు పోయినయ్.

ఆమె బండి తెచ్చింది. నేను కార్బేటర్ ఇప్పిన, కడిగిన, వాచర్ మళ్ల నూనెల నానబెట్టి బిగిచ్చిన. ఫస్టు క్లాసుగ నడిచింది. మళ్ల శుక్రారం మళ్ల వాగు కాడ ఆగింది. మళ్ల తెచ్చింది, మళ్ల ఇప్పిన, మళ్ల నూనె. మూడో శుక్రారం గూడ గట్లనే అయింది. ఆ దినం చీపుర్లన్నీ అంగడి బయట ఒక దళారికి, వాడడిగిన రేటుకే పోసి వచ్చిర్రంట.

ఆ సాయంత్రం సంగం పెద్ద రామక్క నాకు ఫోన్ చేసింది. ఆమె చుట్టు ఆడోళ్లందరున్నరు, స్పీకర్ల పెట్టిందని తర్వాత తెలిసింది. "సింగన్నా, సీదా చెప్పు. తప్పు బండిల ఉన్నదా, మనిషిల ఉన్నదా?"

నాకు అప్పటికే మండుతుంది. మూడుసార్లు చేసిన పని, ఎవరన్న తప్పు నీదంటరేమోనని లోపల గుబులు. "కార్బేటర్ కొత్తది, నా పని పక్కా" అన్న. "చోక్ గుంజి అట్లనే పెడ్తుండొచ్చు, ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువై తడుస్తది. తప్పు మనిషిలనే ఉన్నది. ఆడోళ్ల చేతికి బండిస్తే గిట్లనే ఉంటది."

గా మాట నా నోట్లకెల్లి వచ్చింది. ఎవరు అనిపియ్యలే, నేనే అన్న.

సంగం కూసున్నది. వచ్చే బేస్తారం పాత ఇనుప సామాన్ల మంగీలాల్‌కు బండి అమ్మేద్దామని తీర్మానం చేసిర్రు. మళ్ల నడక మొదలన్నట్టే. భీమక్క ఏం కొట్లాడలేదంట. "బేస్తారం దాకా బండి నా చేతిల ఉంచుర్రి" అని గా ఒక్కటే అడిగిందంట.

సోమారం మధ్యాన్నం మా షెడ్డు ముంగట బండి ఆపి దిగింది. చేతిల గుడ్డసంచి ఉన్నది.

"మళ్ల ఎందుకొచ్చినవ్?" అన్న.

"ఉంటానికొచ్చిన."

"ఇది హోటల్ గాదు."

"ఎరికె. నువ్వు ఫోన్ల చెప్పింది నేను గూడ ఇన్న సింగన్నా. రేపు పొద్దుగాల ఆరింటికి బండి నువ్వే స్టార్ట్ చెయ్యి. చోక్ నువ్వే గుంజు. నేను ముట్టుకోను, నిలవడి చూస్త. నీ చేతిల నడిస్తే నేనే మంగీలాల్‌కు తోలిచ్చి, ఊర్ల అందరి ముంగట తప్పు ఒప్పుకుంట."

నేను షెడ్డు తెరిచేది పదింటికి. ముప్పైరెండేండ్లల ఆరింటికి ఎన్నడు తెరవలే. ఆ ముక్కే అన్న. "గందుకే అడుగుతున్న" అన్నది.

ఆ రాత్రి మా ఇంట్లనే ఉన్నది. మా ఇంటిది బాలి అన్నం పెట్టుకుంట, "ఈ మనిషి నిన్ను ఎన్ని తిట్లు తిట్టిండు వదినా" అనడిగితే, "పని చేసేటప్పుడు చెవులు బంద్ పెట్టుకుంట" అన్నదంట. బాలి తెల్లారి పొద్దంత అదే తల్సుకొని నవ్వింది.

మంగళారం ఆరింటికి మంచు ఇంక లేవలే. నేనే కూసున్న. చోక్ గుంజిన, స్టార్ట్ అయింది. చోక్ లోపలికి కొట్టి ఎక్స్‌లేటర్ తొక్కిన. దగ్గి సచ్చింది. మళ్ల చేసిన, మళ్ల సచ్చింది. ఏడుసార్లు చేసిన. భీమక్క చేతులు కట్టుకొని నిలవడ్డది. తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

"సరే" అన్న. "తప్పు నీది గాదు. ఇగ దీని సంగతి చూద్దాం పా."

ఆ దినం వేరే బండి ముట్టలే. పెట్రోలు పైపు ఊడదీసి సీసాల పట్టిన, ధార మంచిగనే ఉన్నది. ట్యాంకుల చెత్త లేదు. ప్లగ్గులు తీసి చూసిన, నిప్పు నీలంగ కొడుతుంది. కార్బేటర్ కూసున్న కాడ గాలి ఏమన్న గుంజుతుందా అని చుట్టూత సబ్బు నీళ్లు పోసిన, ఒక్క బుడగ లోపలికి పోలే. పాతదాని జెట్టు తీసి కొత్తదాంట్ల పెట్టి చూసిన. పన్నెండైంది. బండి సుప్పర్‌గ నడుస్తుంది.

"అయిపాయె. జెట్టే ఖరాబ్" అన్న సంబురంగ.

"ఎండొచ్చింది" అన్నది ఆమె. "గంతే, ఇంకేం కాలే."

"నీకు జెట్టంటే ఎరికేనా?"

"ఎర్కలే. ఎండంటే ఎరికె. మూడు వారాలు చూసిన, ఎండ పడితే నడుస్తది, పడకపోతే నడవది. నువ్వెన్నడన్న దాన్ని పొద్దుగాల, స్టార్ట్ చెయ్యకముందే ఇప్పినవా? ఎప్పుడు జూసినా వేడెక్కినంకనే ఇప్పుతవ్. లోపల ఏదన్న పేరుకుంటే అప్పటికల్ల కరిగిపోదా?"

నాకు కోపం రావాలె. వచ్చింది గూడ. గని ఆమె అన్నది నిజమే. మూడుసార్లు ఇప్పిన, మూడుసార్లు చాయ తాగినంక, ఎండల, వేడి ఇంజిన్ మీదనే ఇప్పిన. వాచర్ మళ్ల నానబెట్టి, అన్ని ఎప్పటిలెక్కనే బిగిచ్చి, రాత్రంత బండి ఆరుబయట పెట్టినం.

బుధారం పొద్దుగాల ఐదున్నరకు స్టార్ట్ చెయ్యకుంట కార్బేటర్ మూత ఇప్పిన. బ్యాటరీ లైటు భీమక్క పట్టుకున్నది. లోపల పెట్రోలు నిలిచే గిన్నె అడుగున, జెట్టు బొక్క మీద, పంపు పక్కన తెల్లగ, పసుపుకలిసినట్టు ఒక పొర ఉన్నది. ముట్టుకుంటే వెన్న లెక్క జారింది. ఎన్నడు చూడలే గసొంటిది.

"పెట్రోలు కల్తీ" అన్న. నోటికి ముందుగాల గదే వచ్చింది. "బంకోడు మైనం కలిపిండు."

భీమక్క చూపుడు వేలుతోని కొంచెం తీసి, బొటనవేలు మీద రుద్దింది. వేళ్ల వేడికి అది నూనె అయింది. ముక్కు కాడ పెట్టుకున్నది. పెట్రోలు కంపు పోయేదాక ఊదుకుంట ఊదుకుంట మూడుసార్లు వాసన చూసింది.

"ఇప్పనూనె" అన్నది.

"పాగలైనవా? కార్బేటర్ల ఇప్పనూనె ఎట్లొస్తది?"

"అది నాకెట్ల ఎరుక. గని ఇది ఇప్పనూనె. వానకాలం వచ్చిందంటే గింజలు ఒత్తి తీసేది నేనే. చలికి నెయ్యి లెక్క పేరుకుంటది, ఎండకు కరుగుతది. సిన్నప్పటి సంది దీంతోనే దీపం పెట్టిన, దీంతోనే కూర వండిన."

నాకు అప్పుడే అర్థమైంది. తోలు వాచర్ ఆముదంల నానబెట్టమని మా ఉస్తాద్ చెప్పిండు. ఆముదం పెట్రోల్ల అంత జల్దీ కలవది, ఈ చలికి పేరుకోదు. గందుకే ఆముదమే అన్నడు ఆయన. కొత్త కార్బేటర్ వచ్చిన దినం నా దగ్గర ఆముదం అయిపోయి ఉండె. బల్ల మీద సీసెడు ఇప్పనూనె కనపడ్డది. నూనె నూనెనే గదా అని అండ్ల ఏసిన. ఆ సీసా నా మోకాలు నొప్పికని భీమక్కే తెచ్చిచ్చింది. బాగు చేసినప్పుడల్ల నేనే కొత్తగ నూనె తాగిచ్చి, మళ్ల శుక్రారానికి రోగం తయారుచేసి పంపిన. ఆ రోగానికి ఆమె పేరు పెట్టిన.

నేను చెప్పకముందే ఆమె బల్ల దిక్కు చూసింది. సగమైన సీసా, పక్కన గిన్నెల ఇంకో వాచర్ నానుకుంట ఉన్నది. తెల్లగ పేరుకొని. తిడతదనుకున్న. నేనైతే ఎదుటోన్ని బతకనియ్యకపోదును.

"ఇంకో తోలు వాచరుందా?" అన్నది.

"ఉన్నది."

"బాలి వదిన కాడ ఆముదముంటది. నేను తెస్త. నువ్వు కడుగు."

కడిగిన. ప్రతి బొక్క, ప్రతి నాళం పెట్రోలుతోని కడిగి గాలి కొట్టిన. బెండు గ్యాస్‌కెట్ కొత్తది కోసిన. సిగ్గుతోని పని చేసుడు ఎట్లుంటదో ఆ దినం తెలిసింది. ఒక్క తిట్టు రాలే. బాలి రెండుసార్లు వచ్చి, పాణం బాగనే ఉందా అని అడిగిపోయింది.

బేస్తారం ఐదు ముప్పావుకు, ఆ పదిహేను దినాలల్ల ఎన్నడు లేనంత చలిల, భీమక్క కూసొని స్టార్ట్ చేసింది. ఒక్కటే దెబ్బ. ఎక్స్‌లేటర్ తొక్కింది, బండి సాఫుగ గుంజింది. పక్కన నేను కూసున్న. ఆమె నడుపుతుంటే నేను కూసునుడు అదే మొదటిసారి. వాగుల రాళ్లెక్కడ ఉన్నయో ఆమె పాదానికి ఎరికె, ఫస్టు గేరుల ఒక్క కుదుపు లేకుంట ఎక్కిచ్చింది. మనిషిల తప్పున్నది అన్న గదా, గీ మనిషిల.

మద్దిగుంపుల సంగం ఆడోళ్లందరు అప్పటికే కూడిర్రు. మంగీలాల్ లారీ తెచ్చి, తాళ్లు తీసి పెట్టుకున్నడు. దూలయ్య అరుగు మీద కూసొని బండి చప్పుడు ఇంటున్నడు, ఇంజిన్ చప్పుడుకే ఆయన మొకం ఇచ్చుకున్నది. బండి నడిచి రాంగ అందరు చూసిర్రు, నా మనసు తేలికైంది. ఇగ చెప్పుడెందుకు, బండే చెప్తుంది గదా అనుకున్న.

"ఏందాయె సింగన్నా?" అన్నది రామక్క.

"ఏం లేదు, లోపల జర కచరా ఉండె. తీసేసిన."

భీమక్క ఇంజిన్ బంద్ చేసింది. దిగింది. తాళం తీసి రామక్క చేతుల పెట్టింది.

"కచరా ఎవరిదో సింగన్న చెప్పాలె. చెప్పేదాక నేను నడపను. చెప్పకపోతే మంగీలాల్‌నే తీస్కపోనియ్యి."

మంగీలాల్ తాళ్లు చేతిల పట్టుకొని అటొకసారి ఇటొకసారి చూసిండు. నేను ఇంత మంది ముంగట నిలవడి తప్పు ఒప్పుకున్న మనిషిని గాదు. మా నాయిన ముంగట గూడ ఒప్పుకోలే. కండ్లు దించుకున్న, పైకి చూసిన, ఆమె చూపు నా మొకం మీదనే ఉన్నది.

"తప్పు నాది" అన్న. "ఆముదం పెట్టాల్సిన కాడ ఇప్పనూనె పెట్టిన. చలికి పేరుకొని జెట్టు మూసుకున్నది. ఒకసారి గాదు, నాలుగుసార్లు పెట్టిన. పట్టుకున్నది గూడ నేను గాదు, భీమక్క పట్టుకున్నది. వాసన చూసి."

"ఫోన్ల ఏమన్నవో గది గూడ" అన్నది భీమక్క.

"ఆడోళ్ల చేతికి బండిస్తే గిట్లనే ఉంటది అన్న. నా తప్పు మీదికి వస్తదని భయపడి అన్న. అది అబద్ధం."

నన్ను కొడ్తరనుకున్న. ఎవరు నా దిక్కు చూడలే. రామక్క చేతిల తాళం దిక్కు చూస్కుంట నిలవడ్డది. ఆడోళ్ల దిక్కు తిరిగి, మెల్లగ అన్నది.

"సింగన్న అన్నడు సరే. నాలుగేండ్లు ఈ మనిషి ఎనక తొట్టిల కూసొని పోయినోళ్లం మనం. మనమెట్ల నమ్మినమే?"

ఒకామె కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది. రామక్క తాళం ముంగటికి చాపింది. భీమక్క జల్దీ తీస్కోలే. అందరి మొకాలు ఒక్కొక్కటే చూసింది, నాలుగేండ్లు మోసిన మొకాలను. తర్వాత తాళం తీస్కొని, "రేపు అంగడున్నది, చీపుర్లు గిప్పుడే కట్టుర్రి" అని బండి దిక్కు నడిచింది.